సరిహద్దు బడిలో 20 వారాలు: డీఎల్‌ఎడ్ ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేవాళ్ల కోసం

మా బడికి ఏటా నలుగురైదుగురు ట్రైనీలు వస్తారు. మొదటి రోజు చేతిలో ఏం పట్టుకొచ్చారో చూస్తే, ఎవరు ఎన్నాళ్లకు కుదురుకుంటారో నాకు ఇంచుమించు తెలిసిపోతుంది. చంకలో చుట్టిన చార్టులు, మెరుపు కాగితం అంటించిన నమూనాలు, అట్ట వేసిన రికార్డు తెచ్చినవాళ్లు మొదటి వారమంతా తడబడతారు. చిన్న నోటుబుక్కు, పెన్ను, మంచినీళ్ల సీసా తెచ్చుకుని "మేడం, నేనెక్కడ కూర్చోను?" అని అడిగినవాళ్లు తొందరగా దారిలో పడతారు.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి పక్క. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో రెండూ, గుమ్మా వైపు కొండ ఎక్కితే సవర గిరిజనుల భాష. ఇలాంటి చోట టీచరు ఉద్యోగానికి తయారయ్యే మన తెలుగు పిల్లల కోసం ఇది రాస్తున్నాను. డీఎల్‌ఎడ్ అంటే ప్రాథమిక బడి టీచర్ల శిక్షణ డిప్లొమా. నేను చేసిన రోజుల్లో దాన్ని సీటీ ట్రైనింగ్ అనేవారు. మా అమ్మ ఇప్పటికీ అలాగే అంటుంది.

ముందు కాగితాల పని

ఇది తొందరగా ముగిద్దాం. 1 నుంచి 5 తరగతులకు చెప్పాలంటే డీఎల్‌ఎడ్ కావాలి. "బీఎడ్ చేసేస్తే అటూ ఇటూ పనికొస్తుంది కదా" అనే మాట మా వీధుల్లో ఇంకా వినిపిస్తోంది. 2018లో ఎన్‌సీటీఈ (టీచర్ల శిక్షణకు నియమాలు పెట్టే జాతీయ మండలి) ఇచ్చిన వెసులుబాటు అది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదని తేల్చేసింది. కాబట్టి ప్రాథమిక బడే మీ లక్ష్యమైతే బీఎడ్ కోసం లక్షలు తగలెయ్యకండి.

కోర్సు రెండేళ్లు. ప్లస్ టూలో కనీసం 50 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. ఒడిశాలో దరఖాస్తు ప్రభుత్వ అడ్మిషన్ల వెబ్‌సైటు సామ్స్ పోర్టల్‌లో పెట్టి ప్రవేశ పరీక్ష రాయాలి. మన తెలుగువాళ్లకు దగ్గరగా ఉన్న డైట్‌లు (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థలు) పర్లాకిమిడి, జయపురం, ఖల్లికోట. దరఖాస్తుకు ముందే ఒక సంగతి చూసుకోండి: మీరు ఒడియా ఏ తరగతి దాకా ఒక సబ్జెక్టుగా చదివారో చూపే సర్టిఫికెట్ చేతిలో ఉందా? పదో తరగతి దాకా పాతపట్నంలో చదివి, సీటు కోసం ఇటొచ్చి, ఈ ఒక్క కాగితం దగ్గర ఆగిపోయినవాళ్లను చూశాను. రేపు ఉద్యోగం దగ్గరా ఇదే అడుగుతారు.

కోర్సు తర్వాత ఓటెట్, అంటే ఒడిశా టీచర్ల అర్హత పరీక్ష రాయాలి. మొదటి పేపరు 150 మార్కులు, రెండున్నర గంటలు. శిశు వికాసం, మొదటి భాష, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాలు, ఒక్కోదానికి 30. పాసవడానికి 60 శాతం, ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన తరగతులు, దివ్యాంగులకు 50 శాతం. మొదటి భాషగా తెలుగు ఎంచుకునే వీలుంది. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియక ఒడియాతో కుస్తీ పడతారు.

20 వారాలు ఎలా పంచుతారు

ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్లలో కనీసం 20 వారాలు బడిలో గడపాలి. మొదటి ఏడాది 4 వారాలు చూడటానికి, రెండో ఏడాది 16 వారాలు చెప్పడానికి. తరగతుల హాజరు 80 శాతం ఉంటే సరిపోతుంది కానీ ఇంటర్న్‌షిప్ హాజరు 90 శాతం ఉండాలి. సెలవులు పోను 16 వారాల్లో 90 పనిదినాలు వచ్చాయనుకుంటే, తొమ్మిది రోజులకు మించి మానకూడదన్నమాట. పెళ్లిళ్లు, పండగలు, జ్వరాలు, బస్సు రాని రోజులు అన్నీ ఆ తొమ్మిదిలోనే సర్దుకోవాలి. అందుకే మొదటి నెలలో ఒక్క రోజు కూడా ఖర్చు పెట్టకండి. వానాకాలంలో ఏరు పొంగే రోజు ఎలాగూ వస్తుంది.

బడిని ముందే ఒకసారి చూసి రండి

బడి పేరు తెలిసిన వారంలోనే, ఇంటర్న్‌షిప్ మొదలవ్వకముందే, ఒక పనిదినాన వెళ్లి రండి. ఏ బస్సు, ఎన్ని గంటలకు, ఎక్కడ దిగి ఎంత నడవాలి? ఒంటిపూట బడి రోజుల్లో పొద్దున్నే చేరాలి, మొదటి బస్సు దానికి అందుతుందా? అందకపోతే ఊళ్లో గది చూసుకోండి. ఆడపిల్లలైతే మరుగుదొడ్డికి తలుపు, గడియ, నీళ్లు ఉన్నాయో లేదో మొహమాటం లేకుండా చూసుకోండి. నాలుగు నెలలు ఉండబోయే చోటు.

హెచ్‌ఎంను కలిసి డైట్ ఇచ్చిన ఉత్తరం చూపించండి. "నేనేం చెప్పాలి?" అని అప్పుడే అడగొద్దు. పిల్లల హాజరు పట్టీ ఒకసారి చూడనివ్వమనండి. ఒక్కో పేరు పక్కన ఇంట్లో ఏ భాష మాట్లాడతారో పెన్సిలుతో మీ నోటుబుక్కులో రాసుకోండి. హెచ్‌ఎంకు తెలియకపోతే వంట చేసే అమ్మను అడగండి, ఆవిడకు ప్రతి ఇల్లూ తెలుసు. కాశీనగర్ పక్క ఒక బడిలో రెండో తరగతిలో 19 మంది ఉంటే 11 ఇళ్లలో తెలుగు, 5 ఇళ్లలో ఒడియా, 3 ఇళ్లలో సవర అని ఒక ట్రైనీ ఇలా రాసుకుంది. మీరు ఆ తర్వాత వేసే ప్రతి అడుగూ ఈ పట్టిక మీద ఆధారపడుతుంది.

మొదటి 4 వారాలు: వెనక కూర్చోవడం ఒక పని

చాలామంది ట్రైనీలకు ఇది శిక్షలా ఉంటుంది. కూర్చుని కూర్చుని నిద్రొస్తుంది, ఫోను తీస్తారు. ఏం చూడాలో తెలియకపోవడం వల్లే ఇదంతా. పరిశీలన పత్రంలో "టీచరు ఉత్సాహంగా బోధించారు, పిల్లలు ఆసక్తిగా విన్నారు" అని రాసేవాళ్లకు నేను ఆ కాగితం తిరిగిచ్చేస్తాను. అలాంటి వాక్యం బడికి రాకుండా కూడా రాయొచ్చు.

ఇలా చేయండి. రోజుకు ముగ్గురు పిల్లలను ఎంచుకోండి: ముందు వరసలో ఒకరు, గోడ వార ఒకరు, గుమ్మం దగ్గర ఒకరు. ఆ పీరియడంతా వాళ్లనే చూడండి. టీచరు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగారు? జవాబు ఎవరు చెప్పారు? గోడవార పిల్ల పెదాలు కదిలాయా, గొంతు వచ్చిందా? గుమ్మం దగ్గరివాడు పలకమీద రాశాడా, పక్కవాడిది చూసి దించాడా? గంట కొట్టేలోపు ఈ ముగ్గురి గురించి ఆరు వాక్యాలు రాయండి, అన్నీ కంటికి కనబడినవే.

నిరుడు ఒక అబ్బాయి రాసిన పేజీ నాకు బాగా గుర్తు. "టీచరు 14 ప్రశ్నలు అడిగారు. తొమ్మిదింటికి ఇద్దరే చెప్పారు. మూడింటికి టీచరే చెప్పేశారు. ఒక పిల్ల రెండుసార్లు చెయ్యెత్తి, చూడకపోతే దించేసింది. భోజనాల దగ్గర అదే పిల్ల తన చెల్లికి పాఠం మొత్తం తెలుగులో చెప్పింది." ఆ టీచరును నేనే. చదివి సిగ్గుపడ్డాను, ఆ అబ్బాయికి టీ ఇప్పించాను.

నాలుగు వారాల్లో ఒక రోజైనా పక్కనున్న అంగన్వాడీలో గడపండి. ఒకటో తరగతికి వచ్చే పిల్ల ఎక్కణ్నుంచి వస్తోందో అక్కడ తెలుస్తుంది. ఒక సంతరోజు హాజరు, ఒక గుడ్డు పెట్టే రోజు హాజరు రాసి పెట్టుకోండి. జీడిపిక్కలు, చింతపండు ఏరే కాలంలో ఏ తరగతి ఖాళీ అవుతుందో హెచ్‌ఎంను అడగండి. రెండో ఏడాది ముఖ్యమైన పాఠాలు ఏ రోజుల్లో పెట్టుకోకూడదో తెలిసిపోతుంది.

ఏ నోటితో చెప్పాలి

అసలు కష్టం ఇక్కడే, మనకున్న బలమూ ఇక్కడే. అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

మనం తెలుగు నోటితో ఒడియా చదువుతాం. ఒడియాలో 'కలమ' అని రాసి ఉంటే మనం 'కలమ' అనే చదువుతాం. అక్కడి 'అ' పెదాలు గుండ్రంగా చేసి పలకాలి, ఇంచుమించు 'కొలొమొ' అన్నట్టు. మొదటి రోజు పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, మళ్లీ చెప్పించుకోండి. తరగతి గదిలో రోజూ పనికొచ్చే మాటలు పదిహేను ముందే నోటికి పట్టించుకోండి: బొసొ (కూర్చో), సుణొ (విను), పొఢొ (చదువు), లేఖొ (రాయి), ఆసొ (రా), బహి (పుస్తకం), ఖాతా (నోటుబుక్కు), ఖొడి (సుద్ద), కొళాపొటా (నల్లబల్ల). ణ, ళ మనకు పుట్టుకతో వచ్చినవే, ఒడియాలోనూ అవి గట్టిగా పలుకుతారు. హిందీ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు వీటి దగ్గర పడే తంటా మనకు లేదు.

తెలుగు పీరియడు ఉన్న బడి అయితే దీనికి తిరగేసిన చిక్కు. ఒడియా లిపిలో ఎ, ఏ లకు ఒకటే అక్షరం, ఒ, ఓ లకూ ఒకటే. ముందు ఒడియా అక్షరాలు దిద్దిన పిల్ల తెలుగులో 'కోడి'ని 'కొడి' అని, 'ఏనుగు'ను 'ఎనుగు' అని రాస్తే అది అశ్రద్ధ అనుకోకండి. తెలుగు ఇంటి పిల్లే అయినా తన చేతికి ఆ తేడా ఎవరూ నేర్పలేదు. పది జతల మాటలు బల్లమీద రాసి, చప్పట్లు కొట్టిస్తూ పలికించండి. కుదించిన అచ్చుకు ఒక చప్పట, సాగదీసిన దానికి రెండు. వారం రోజుల్లో చాలామందికి కుదురుతుంది.

లెక్కల్లో ఇంకో గొయ్యి ఉంది, నేను అందులో పడ్డాను. ట్రైనింగ్ రోజుల్లో రెండో తరగతి పిల్లలకు ఒడియాలో అంకెలు చెప్పి రాయించాను. 'ఏకొఇసి' అన్నాను, అంటే 21. సగం పలకల మీద 12 కనబడింది. కోపమొచ్చి అందరిచేతా ఇరవైసార్లు రాయించాను. మా మెంటార్, అంటే బడిలో నాకు పని నేర్పే టీచరు, ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడు నన్ను కూర్చోబెట్టి అడిగారు: "అమ్మా, మీ తెలుగులో 21 ఎలా అంటారు?" ఇరవై ఒకటి. ముందు పదులు, తర్వాత ఒకట్లు, రాసే వరసలోనే వినబడతాయి. ఒడియాలో ముందు ఒకట్లు వినబడతాయి. 'పంచొతిరిసి' అంటే 35, చెవికి ముందు తగిలేది అయిదు. పిల్ల విన్న వరసలో రాసింది, అంతే. ఆ ఇరవైసార్లు రాయించినందుకు ఇప్పటికీ నాకు మనసులో ముల్లు గుచ్చుకుంటుంది.

సవర పిల్లల సంగతి ఇంకా వేరు. వాళ్ల లెక్కలో పన్నెండు ఒక మెట్టు, ఇరవై మరో మెట్టు. పదమూడును పన్నెండు మీద ఒకటిగా చెబుతారు. మన పుస్తకం పది దగ్గర కట్ట కట్టమంటుంది. ఇంట్లో పన్నెండు దగ్గర ఆగే లెక్క విన్న పిల్లకు పదికే కట్ట ఎందుకు కట్టాలో అర్థం కాకపోవడం మందబుద్ధి అవుతుందా?

అంకెలు చెప్పేటప్పుడు నేను ఇప్పుడు పాటించే వరస ఇది: ముందు వస్తువులు, తర్వాత ఇంటి భాషలో పేరు, తర్వాత రాసిన అంకె, చివర్న ఒడియా పేరు. సవర పేర్లు నాకు పూర్తిగా రావు. పెద్ద తరగతిలో చదివే సవర పిల్లను పిలిచి చెప్పిస్తాను. ఆ రోజు ఆ పిల్ల నడక చూడాలి.

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి తెలుగు గొప్పదనం మీద ఉపన్యాసాలు ఇస్తాం, సవర సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఒడిశా ప్రభుత్వం 2007 నుంచి గిరిజన మాతృభాషల్లో చిన్న తరగతులు నడుపుతోంది, అందులో సవర కూడా ఉంది. మీకు అలాంటి బడి పడితే అదృష్టమే. ఆ పుస్తకాలు, ఆ భాషా టీచరు రెండూ దొరుకుతాయి. రోజుకు ఐదు మాటలు నేర్చుకోండి.

పాఠ్య పథకం: ఒక పేజీ చాలు

డైట్ ఇచ్చిన నమూనాలో గళ్లు చాలా ఉంటాయి. అన్నీ నింపండి, మార్కులు వాటికే. కానీ తరగతిలోకి తీసుకెళ్లేది వేరే ఒక్క పేజీ. దానిమీద నాలుగే సంగతులు: ఈ పీరియడు చివరికి పిల్ల ఏం చేసి చూపించాలి, దానికి ఏ వస్తువులు కావాలి, ఎక్కడ తప్పుతుందని నా అనుమానం, రానివాళ్లకు, ముందే అయిపోయినవాళ్లకు ఏం పని ఇస్తాను.

21, 12 తేడా చెప్పే పీరియడునే తీసుకుందాం. తరగతి 2, 40 నిమిషాలు. కావలసినవి చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, పలకలు.

మొదటి 5 నిమిషాలు పుల్లలు పంచి ఇష్టమొచ్చినట్టు లెక్కపెట్టనివ్వండి. మీరు తిరుగుతూ వినండి, ఎవరు ఏ భాషలో లెక్కపెడుతున్నారో తెలుస్తుంది. తర్వాత పదేసి కట్ట కట్టించండి. దీనికి మీరనుకున్నదానికంటే ఎక్కువ సేపు పడుతుంది, 10 నిమిషాలైనా వదిలేయండి. చిన్న వేళ్లకు రబ్బరు బ్యాండు వెయ్యడమే ఒక చదువు. ఇప్పుడు రెండు కట్టలు, ఒక విడిపుల్ల ఎత్తి చూపించండి, ఏమీ అనకండి. వాళ్ల పలకల మీద బొమ్మ గీయించండి, బొమ్మ కింద అంకె రాయించండి. ఒక కట్ట, రెండు పుల్లలతో మళ్లీ అదే. రెండు పలకలు పక్కపక్కన పెట్టి "ఏది ఎక్కువ?" అని అడగండి. ఇక్కడే తరగతి గోలగా మారుతుంది, భయపడకండి, అది మంచి గోల.

చివరి 10 నిమిషాలకు నోటితో ఒడియా అంకె చెప్పండి, ముందు పుల్లలు ఎత్తమనండి, తర్వాతే రాయమనండి. చెవికీ చేతికీ మధ్య పుల్లలు పెడితే తిరగేసి రాసేవాళ్లు తగ్గిపోతారు. గంట కొట్టాక ఆ పేజీ వెనక రెండు వాక్యాలు రాసుకోండి: ఎవరికి రాలేదు, రేపు వాళ్లతో ఏం చేస్తాను.

చింతపిక్కలు, జీడిపిక్కలు, అగ్గిపెట్టెలు, సోడా మూతలు, ఇవే మన సామగ్రి. చార్టు కొనడానికి పర్లాకిమిడి బజారుకు పరుగెత్తకండి. థర్మోకోల్ తాజ్‌మహల్ ఏ పిల్లకూ కూడిక నేర్పలేదు.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు

విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా పిల్లలకు ఇద్దరు టీచర్లు. మన కొండ ఊళ్లలో చాలా బడులు ఈ లెక్కలోనే పడతాయి. అంటే ఒకే గదిలో మూడు తరగతులు. డైట్‌లో నేర్పే పాఠ్య పథకాలన్నీ ఒక గదిలో ఒక తరగతి ఉందనుకుని రాసినవే. ఇది ముందే తెలుసుకుని వెళ్లండి.

నల్లబల్లను సుద్దతో మూడు నిలువు భాగాలు చేయండి. బడి మొదలవ్వకముందే రెండు భాగాల్లో పని రాసి పెట్టండి. పిల్లలను తరగతి వారీగా మూడు వైపులకు తిప్పి కూర్చోబెట్టండి, ఒకరి పని ఒకరికి అడ్డు రాదు. 15 నిమిషాలు ఒకటో తరగతితో, అప్పుడు మూడోవాళ్లు రాత పని, రెండోవాళ్లు జంటల్లో చదవడం. తర్వాత మారండి. కథ, పాట, వాతావరణం, ఊరి పటం లాంటివి ముగ్గురికీ కలిపి చెప్పేయొచ్చు: చిన్నవాళ్లు బొమ్మ గీస్తారు, మధ్యవాళ్లు మాటలు రాస్తారు, పెద్దవాళ్లు వాక్యాలు రాస్తారు. లెక్కలు మాత్రం కలపకండి, గందరగోళం అయిపోతుంది.

పెద్దపిల్లలతో చిన్నవాళ్లకు చదివించడం మంచిదే, రోజుకు పది నిమిషాలకు మించకుండా. ఐదో తరగతి పిల్ల చదువు కోసం బడికొచ్చింది, మీ జీతంలేని సహాయకురాలిగా రాలేదు.

గొంతు, చెయ్యి

రెండో వారానికి గొంతు పోతుంది, అందరికీ పోతుంది. అరవడం మానేసి ఒక గుర్తు పెట్టుకోండి. నేను బల్లమీద రెండుసార్లు తట్టి చెయ్యెత్తుతాను, పిల్లలూ ఎత్తుతారు, అందరి చేతులూ లేచేసరికి గది నిశ్శబ్దం. నల్లబల్ల మీద అక్షరం వెనక గోడవార కూర్చున్నవాడికి కనబడాలి. మొదటి రోజు సాయంత్రం పిల్లలు వెళ్లాక రాసి, మీరే వెళ్లి వెనక కూర్చుని చూసుకోండి.

చెయ్యి చేసుకోవడం గురించి ఒక్క మాట. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని రెండింటినీ నిషేధించింది. "నాలుగు తగిలించండి మేస్టారూ, గుంటడు దారికొస్తాడు" అని తండ్రే చెప్పినా ఒప్పుకోకండి. గోడకుర్చీ, గుంజీలు కూడా అందులోకే వస్తాయి. బడిలో పాత టీచరెవరైనా బెత్తం వాడుతుంటే మీరు తగువు పెట్టుకోలేరు, ట్రైనీలు కదా. డైట్‌లో మీ పర్యవేక్షకులకు చెప్పండి, మీ తరగతిలో మాత్రం అది జరగనివ్వకండి.

మెంటార్‌తో ఎలా మెలగాలి

మెంటార్లు రెండు రకాలు. ఒకరు ట్రైనీ రాగానే "హమ్మయ్య" అని తరగతి అప్పగించి ఆఫీసు పని చూసుకుంటారు. ఇంకొకరు ప్రతి మాటకూ మధ్యలో అడ్డుపడతారు. మొదటి రకం వస్తే వారానికి ఒక పీరియడు మాత్రం తప్పకుండా వెనక కూర్చుని చూడమని బతిమాలుకోండి. రెండో రకం వస్తే పాఠం ముందే వాళ్లకు చెప్పి, ఒక్క సంగతే చూడమనండి: "సార్, ఈ రోజు నేను ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నానో చూసి చెబుతారా?" చూడటానికి ఒక పని దొరికితే అడ్డుపడటం తగ్గుతుంది. "ఎలా చెప్పాను సార్?" అని అడిగితే "బాగుందమ్మా" అంటారు, మీకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

డైట్ నుంచి పర్యవేక్షకులు వచ్చే రోజు కోసం పిల్లలకు జవాబులు ముందే నేర్పి పెట్టే అలవాటు ఒకటుంది. చేయకండి. పిల్లలే బయటపెట్టేస్తారు. ఒక చోట టీచరు ప్రశ్న పూర్తిచేయకముందే మొత్తం తరగతి జవాబు చెప్పేసింది, వచ్చినాయన నవ్వాపుకోలేక బయటికెళ్లిపోయారు.

16 వారాలను నేనైతే ఇలా నడుపుతాను

మొదటి రెండు వారాలు రోజుకు ఒక్క పీరియడు, అదీ ఒకటే తరగతికి. ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు చదివించి, లెక్క చేయించి, ఎక్కడుందో రాసుకోవాలి. మూడు నుంచి ఎనిమిది దాకా రెండు మూడు పీరియడ్లు, భాష, లెక్కలు రెండూ. తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా ఒక తరగతి మొత్తం మీదే: ప్రార్థన, హాజరు, పాఠాలు, భోజనాలు, ఆటలు. ఈ ఆరు వారాల్లోనే ఉద్యోగం అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది. చివరి రెండు వారాలు మళ్లీ ప్రతి పిల్లనూ కూర్చోబెట్టి చూసుకోవడం.

మధ్యాహ్న భోజనం దగ్గర మీరు ఫోను చూస్తూ నిలబడకండి, పిల్లల వరసలో కూర్చుని తినండి. ప్రాథమిక బడిలో పిల్లకు 100 గ్రాముల బియ్యం లెక్క. ఎవరు రెండోసారి అడుగుతున్నారో, ఎవరు ముద్ద దాచి ఇంటికి తీసుకెళ్తున్నారో అక్కడ కనబడుతుంది. పొద్దున్న పీరియడులో నిద్రపోయే పిల్ల గురించి సగం అక్కడే తెలుస్తుంది. వారానికి ఒక సాయంత్రం ఊళ్లోకి వెళ్లండి. తల్లులతో మాట్లాడేటప్పుడు మొదటి మాట ఫిర్యాదు కాకూడదు. "మీ పాప నిన్న కథ చెప్పిందండీ" అని మొదలుపెడితే రెండో వారం వాళ్లే మిమ్మల్ని పిలిచి కూర్చోమంటారు.

రికార్డులు ఏ రోజువి ఆ రోజే రాయండి. చివరి వారంలో ముగ్గురు స్నేహితులు ఒకచోట చేరి నలభై పాఠ్య పథకాలు దించడం నేనూ చేశాను. చేతులు వాచాయి, ఏం రాశానో ఒక్కటీ గుర్తులేదు. రికార్డుతోపాటు మీకోసం ఒక చిన్న డైరీ పెట్టుకోండి, ఎవరికీ చూపించక్కర్లేదు. ఓటెట్‌లో శిశు వికాసం ప్రశ్నలు చదివేటప్పుడు అందులోని పిల్లల ముఖాలు గుర్తొస్తాయి, జవాబు తేలికవుతుంది.

ఒక హెచ్చరిక కూడా. 2020 జాతీయ విద్యావిధానం 2030కల్లా టీచరు ఉద్యోగానికి నాలుగేళ్ల సమీకృత బీఎడ్‌ను కనీస అర్హత చేయాలంటోంది. ఇప్పుడు ప్లస్ టూ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏ దారి పట్టాలో ఆ ఏడాది నోటిఫికేషన్లు చూసి తేల్చుకోండి.

బడి వదిలే ముందు

ఆఖరి రోజు కేకు, ఫొటోలు, పిల్లల ఏడుపులు ఉంటాయి, ఉండనివ్వండి. దానికి రెండు రోజుల ముందు మాత్రం ఒక పని చేయండి. ఆ తరగతి పిల్లలందరి పేర్లు వరసగా రాసి, ఒక్కో పేరు ముందు మూడు గళ్లు పెట్టండి: చదవడంలో ఎక్కడుంది, లెక్కల్లో ఎక్కడుంది, దేనికి నవ్వుతుంది. ఆ కాగితం క్లాస్ టీచరు చేతికి ఇవ్వండి. నా బల్ల సొరుగులో అలాంటివి ఆరు ఉన్నాయి. ఒకదాంట్లో ఒక సవర అబ్బాయి పేరు ముందు మూడో గడిలో "పన్నెండు దగ్గర కట్ట కట్టనిస్తే" అని రాసి ఉంది. ఆ అబ్బాయి ఇప్పుడు ఐదో తరగతి. కొత్తగా వచ్చే ట్రైనీకి వాణ్నే ముందు పరిచయం చేస్తున్నాను.